బోర్డు మీద తడి అంకెలు

శనివారం సాయంత్రం చర్చి తెరిచి, మర్నాడు పాడే కీర్తనల నంబర్లు బోర్డుకి తగిలించడం జాన్‌బాబు పని. అంతకుముందు అది వాళ్ల నాన్న జ్ఞానశేఖర్ పని. ఆయన పోర్టులో కలాసీ. 1981లో ఓడకీ జెట్టీకీ మధ్య పడి నలిగిపోయాడు. అన్నం కారియర్ పట్టుకెళ్లిన జాన్‌బాబు గట్టు మీంచి అంతా చూశాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ఏడవనైనా లేదు. కళ్లు మూస్తే చాలు, ఓడ కదిలేది, నాన్న చెయ్యి పైకి లేచేది.

బ్రాకెట్ అనే నంబర్ల జూదమే ఆ చేతిని ఆపింది. రెండంకెల మీద డబ్బు కాసి, ఎనిమిదింటికి నంబరు తేలేదాకా నాన్న కనిపించేవాడు కాదు. పాపం, ఆ కాస్త శాంతికే మరిగాడు.

ఒక శనివారం తాళం తీసేసరికి ఖాళీ బోర్డు మీద 71. చెక్క అంకెలు తడిగా ఉన్నాయి. ఉప్పునీళ్ల వాసన, గ్రీజు వాసన. సరదాకి కాశాడు, తగిలింది. తెల్లారేసరికి డెబ్బై ఒక్కేళ్ల దీవెనమ్మ మామ్మ పోయింది. తర్వాత 64. అదీ తగిలింది, అరవై నాలుగేళ్ల ఆనందకుమార్ మేస్టారు పోయారు. 58 వచ్చిన వారం జ్వరంతో కాయలేదు. యాభై ఎనిమిదేళ్ల పాస్టరుగారు నిక్షేపంలా ఉన్నారు. అంటే కాస్తేనే చావు. నాకు తెలీదని బుకాయించే దారి కూడా లేదు వెధవకి.

ఈ శనివారం 43.

అమ్మ విమలమ్మ వయసు.

అంకెలు పీకి జేబులో వేసుకున్నాడు. ప్రభువా, ఈ వారం కాయను... ఒట్టేసుకుని, బ్రాకెట్ నంబర్లు రాసుకునే తాతబాబు సోడా కొట్టు దాటాడు. పది అడుగులు. ఓడ కదిలింది. చెయ్యి లేచింది...

వెనక్కొచ్చాడు.

"ఏటి బావా, ఎంత?" తాతబాబు గుసగుసగా అడిగాడు.

"నలభై మూడు."

చెయ్యి మాయమైంది. అప్పుడు ఇంటికి పరుగెత్తాడు. అమ్మ పెరట్లో చేపలు తోముతోంది.

"మీ నాన్నొచ్చీడ్రా," అంది మెల్లగా. "ఒంటినిండా నీల్లు... పిల్లడు కాసీసేడా అనడిగీడు. నా కొడుకు అలాటోడు కాడని సెప్పేను."

ఎనిమిదింటికి వీధిలోంచి కేక వినబడింది, నలభై మూడని. ముందుగా కలిగింది సంతోషమే. నవ్వుతూనే అమ్మ వైపు తిరిగాడు. కత్తిపీట ముందు ఆమె తల వాల్చేసి ఉంది.

వారం తిరిగింది. చర్చి తలుపు తీశాడు. బోర్డు మీంచి నీళ్లు కారుతున్నాయి... 13.

"ఏటన్నా, అలా సూత్తన్నావ్?"

చెల్లెలు జయశీల. మొన్ననే పదమూడు నిండాయి. అమ్మ పోయాక అన్నని వదిలి ఒక్క క్షణం ఉండటం లేదు.

"ఏటీ నేదమ్మా," అన్నాడు. కళ్ల ముందు ఇప్పుడు రెండు చేతులు, నాన్నదీ అమ్మదీ.

గుమ్మంలో, జయశీల పక్కనే, రెండు పెద్ద తడి పాదాల గుర్తులు. సోడా కొట్టు వైపు తిరిగి ఉన్నాయి.

కొట్టు కట్టేయడానికి ఇంకా గంట ఉంది.