ముందే చెప్పిన సాక్ష్యం

"నా తాన లేడమ్మా! సైటు ఇడిసిపెట్టి పోయిండు. యాడికి పోయిండో నాకేం తెల్సు? మాటిమాటికి ఫోన్ చేసి నన్ను పరేషాన్ చేయకు!"

పూణె నుంచి మేస్త్రీ ఫోను పెట్టేశాడు. కృప ఆ ఫోనును చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడిపోయింది... భర్త చంద్రశేఖర్ నంబరుకు మళ్లీ చేసింది. స్విచాఫ్! వంతెన పనికని ఆ మేస్త్రీ వెంట వెళ్లిన మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో, తిన్నాడో లేదో, అసలు... ఆ పై మాట తలుచుకోవడానికి ఆమె గుండె ఒప్పుకోలేదు. "ప్రభువా... ప్రభువా..." అనుకుంటూ గుమ్మంలోనే కూలబడింది.

ఎవరితో చెప్పుకోవాలి? ధరూర్ దగ్గరి ఆ ఊళ్లో విశ్వాసులైన ఆడవాళ్లకు కష్టమొస్తే చెప్పుకోవడానికి సంఘం ఉంది. ఒకరి బిడ్డకు జ్వరమొస్తే అందరూ మోకరిస్తారు, ఒకరి ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఇంకొకరు గిన్నె పట్టుకొస్తారు. కానీ కృప తన నోటికి తానే తాళం వేసుకుంది!

పిచ్చితల్లి చేసిన పొరపాటు ఏమంత పెద్దదని? చంద్రశేఖర్ కిందటి నెల ఫోన్ చేసి, "పెద్ద కంపెనీల పర్మినెంటు పనికి మాట్లాడుతున్న కృపా, అయినట్టే అనుకో! ప్రార్థన చెయ్యి" అన్నాడు. అయ్యేదాకా ఆగొచ్చు కదా! ఆగలేకపోయింది. గట్టిగా నమ్మితే పొందినట్టేనని ప్రసంగాల్లో విని విని ఉన్న మనిషి. ఆ ఆదివారమే, దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "దేవుడు నా పెనిమిటికి పెద్ద కంపెనీల పని ఇచ్చిండు! దేవునికే మహిమ!" అని కన్నీళ్లతో చెప్పేసింది. ఎన్ని చప్పట్లు! ఎన్ని హల్లెలూయాలు! పాస్టరుగారి భార్య ఎస్తేరమ్మ పరుగున వచ్చి కౌగలించుకుంది. ఆ వారం తిరక్కుండానే చంద్రశేఖర్ ఫోను మూగబోయింది.

సాక్ష్యం చెప్పేసిన దాని కోసమే మళ్లీ ప్రార్థన చేయమని ఎలా అడుగుతుంది? అడిగితే ఆ రోజు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే. తనను చూసి నవ్వితే నవ్వనీ... దేవుని పేరు చెడిపోదూ! ఆ భయంతోనే ఆమె అందరి ముందూ నవ్వుతూ తిరిగింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంట్లో ఉన్నది అత్త బాలనాగమ్మ ఒక్కతే. ఆమెకు, కోడలికి మధ్య ఎన్నాళ్లుగానో పొడిపొడి మాటలే. పెళ్లయ్యాక కొడుకు కృప వెంట చర్చికి వెళ్లి బాప్తిస్మం తీసుకోవడం ఆమెకు ఇప్పటికీ మింగుడు పడలేదు. "నా కొడుకును నాకు కాకుండ చేసినవు" అని ఒకనాడు అననే అన్నది. ఇప్పుడు కొడుకు సంగతి అడిగితే, "మంచిగున్నడు అత్తమ్మా, ఆడ సిగ్నల్ దొరుకుతలేదంట" అనేది కృప. ముసలామె కోడలి ముఖంలోకి ఒకసారి చూసి ఊరుకునేది.

ఆ శుక్రవారం కూడా కృప, విత్తనం కోసం పండించే సీడుపత్తి చేలో పనికి పోయింది. పొద్దున్నే ఆడపూలకు మగపూల పుప్పొడి అద్దాలి, మధ్యాహ్నం మళ్లీ వచ్చి రేపు పూసే మొగ్గలు ఒలిచి లోపలి కేసరాలు తీసేయాలి. పూత కాలంలో ఒక్క పూటైనా మానడానికి వీల్లేదు. అందుకే సంఘం ఆడవాళ్లు ఆ రెండు పనుల మధ్య దొరికే ఎండవేళలోనే, చేతులకు అంటిన పుప్పొడి కడుక్కుని, ఖాళీ కడుపులతో చర్చి గదిలో ఉపవాస ప్రార్థనకు కూర్చుంటారు.

"మనవులు చెప్పుకోండమ్మా" అన్నది ఎస్తేరమ్మ.

ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది, ఒకామె తాగుబోతు మరిది సంగతి చెప్పింది. వరస కృప దగ్గరికి వచ్చింది. "నాకేం లేదమ్మగారు... అంత మంచిగుంది. స్తోత్రం!" అన్నది.

"దానికేం తక్కువ? మొగుడు పెద్ద కొలువు చేయబట్టె! రేపు మనల్ని గుర్తు పడ్తదో లేదో!" అని పక్కనున్న సుమన మోచేత్తో పొడిచింది. అందరూ నవ్వారు. కృప కూడా నవ్వింది. అంతమంది మధ్య కూర్చుని అంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు!

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. చెప్పులు విడిచి, కొంగు నిండా కప్పుకుని, బాలనాగమ్మ! ఈ గడప ఎన్నడూ తొక్కని మనిషి! కృప కూర్చున్న చోటు నుంచి సగం లేచింది. తగువుకొచ్చిందా? సంఘం ముందు పరువు తీస్తుందా?

బాలనాగమ్మ ఎక్కడ కూర్చోవాలో తెలియక, గుడిలో నిలబడ్డట్టే రెండు చేతులూ జోడించి నిలబడింది.

"నాకు మీ ప్రార్థన రాదమ్మా. తప్పైతే ఏమనుకోకుండ్రి. నా కొడుకు శేఖరు యాడున్నడో తెల్వదు... ఫోన్ బందయ్యి నెల కావస్తున్నది. ఈ పిల్ల నాకు చెప్తలేదు, మీకు చెప్తలేదు. తలుపేసుకొని ఏడుస్తది. నాకు ఇనపడదనుకుంటది! మీరందరు అడిగితే దేవుడు ఇంటడంట గదా... జర అడగండమ్మా! వాని కోసం అడగండి... దీని కోసం గూడ అడగండి!"

సుమన ముఖం పాలిపోయింది. కృప ఒక్కసారిగా భోరుమంది!

"నేనే చెప్పలేకపోయినమ్మగారు! దేవుడు ఇయ్యకముందే ఇచ్చిండని సాక్ష్యం చెప్పిన... ఇప్పుడు లేదంటే ఆయన పేరు పోతదని..."

ఎస్తేరమ్మ ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. "పిచ్చిదానా! నీ మాట నిలబడకపోతే దేవుడు పడిపోతడా? ఆయన పేరు కాపాడనీకి నువ్వొక్కదానివే ఇంత మోస్తున్నవా బిడ్డా... మేమెందుకున్నం?"

అందరూ ఒక్కసారే మోకరించి, గొంతెత్తి, ఎవరి మాటల్లో వాళ్లు ప్రార్థించారు. సుమన అయితే వెక్కివెక్కి ఏడుస్తూ చంద్రశేఖర్ పేరే పదేపదే పలికింది. బాలనాగమ్మ మోకాళ్లు వంగక గోడకు ఆనుకుని కూర్చుని, కోడలి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చేతి బరువు కృపకు ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్లు తను ఎదురుచూసిన దేవుని జాలి అదేనేమోనని ఆమెకు తోచింది.

మొగ్గలు ఒలిచే వేళయిందని అందరూ లేచారు. దారిలో అత్త మెల్లగా అడిగింది.

"మీ దేవుడు ఇన్నడంటవా, పిల్లా?"

"ఇన్నడత్తమ్మా."

"మరి ఏమన్నడు?"

ఆయన ఏమీ అనలేదు. చంద్రశేఖర్ ఎక్కడున్నాడో చెప్పలేదు, ఎప్పుడొస్తాడో చెప్పలేదు...

"ఏమనలేదత్తమ్మా... నిన్ను తోలిచ్చిండు."

ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుని, "నేను గూడ చేనుకొస్త పా. ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటే పానం ఆగుతలేదు" అన్నది.

అత్తాకోడళ్లు ఒకే సాలులో ఎదురెదురుగా నిలబడి మొగ్గలు ఒలిచారు. మధ్యలో కృపకు ఏడుపొచ్చింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.