అడ్మిన్ ఎవరమ్మా?

సత్యవేణికి ముప్పై ఆరేళ్లు. టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. విశాఖలో ఆ మెదడు ఆసుపత్రి హాల్లో ఖాళీ కుర్చీలు వరసగా ఉన్నా, స్కాన్ అయిపోయాక పేపరు కప్పు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడింది. ఆమె భర్త ఈశ్వర్రావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మామూలు చెకప్పే అని తీసుకొచ్చాడు. మామూలు చెకప్‌కి పెళ్లిచూపులకి బయల్దేరినట్టు తయారయ్యాడేమిటా అని ఆమె పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉంది.

నాలుగేళ్ల కిందట ఇదే ఆసుపత్రిలో సత్యవేణి తలలో చిన్న గడ్డ తీశారు. మెదడు ఆపరేషన్‌కి ముందు స్నాప్‌షాట్ తీయడం అప్పటికే మామూలైపోయింది. తలకి హెల్మెట్ లాంటిది తొడిగి, ఆ క్షణాన మనిషికి ఏం తెలుసో, ఏం గుర్తుందో, దేనికి భయపడుతుందో అంతా కాపీ చేసి సర్వర్‌లో దాస్తారు. ఆపరేషన్ వికటించి మనిషి మనిషిలా లేకపోతే, ఆ కాపీని తిరిగి మెదడులోకి ఎక్కిస్తారు. దాన్నే రీస్టోర్ అంటారు. కన్నబిడ్డల్నే మరిచిపోయినవాళ్లు ఆ మెషిన్ పుణ్యమా అని మళ్లీ వాళ్లని పేరుపెట్టి పిలిచారు.

స్నాప్‌షాట్ తీసేముందు కౌంటర్లో అమ్మాయి అడిగింది: "దీనికి అడ్మిన్ ఎవరమ్మా?"

సత్యవేణికి ఆ మాట అప్పటికి తెలీదు. గ్యాస్ కనెక్షన్ దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా ఏ కౌంటర్లో ఎవరేం అడిగినా చెప్పే జవాబే చెప్పింది. "ఇంకెవరమ్మా, మా ఆయనే." ఈశ్వర్రావు వేలిముద్ర వేశాడు.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంట్లో పడుకుని పడుకుని విసుగెత్తి, ఆమె ఒక పాత లాప్‌టాప్‌ని వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకుని సర్వర్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు మొదలుపెట్టింది. నేర్చుకోడానికి సర్వర్లు కొనక్కర్లేదు. ఒక్క కంప్యూటర్ కడుపులోనే నాలుగైదు వర్చువల్ మెషిన్లు పెట్టుకోవచ్చు. వాటిలో ప్రతిదీ తానో విడి కంప్యూటర్ననే అనుకుంటుంది. ఆమె వెబ్ సర్వర్‌కి కంద అనీ, డేటాబేస్‌కి బచ్చలి అనీ పేర్లు పెట్టింది. రెండూ కలిస్తేనే కూర. ప్రయోగానికి ముందు స్నాప్‌షాట్ తీయడం, ప్రయోగం చేసి చెడగొట్టడం, వెనక్కి తిప్పడం. కందని ఎన్నిసార్లు చంపి బతికించిందో! వెనక్కి తిప్పాక మధ్యలో జరిగిందేదీ కందకి గుర్తుండదు. ఆ సంగతి సత్యవేణికి భలే నవ్వు తెప్పించేది.

పోయిన వారమే మధురవాడ డేటా సెంటర్లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

లోపలికి పిలిచారు. ఆ మెషిన్ కనిపెట్టిన డాక్టర్ తబిత ఎదురుగా కూర్చుంది.

"సత్యవేణిగారూ, మీవారు రీస్టోర్ అడిగారు."

"నాకా? నాకేమైంది?"

ఈశ్వర్రావు గొంతు సవరించుకున్నాడు. "ఆపరేషన్ అయినకాడ్నుంచి మనిషి మారిపోయింది డాక్టరమ్మా. ముందు నోట్లో నాలికుండేది కాదు. ఇప్పుడు అన్నం పెట్టవే అంటే 'గిన్నె అక్కడే ఉంది' అంటాది, మా అమ్మ ముందరే! వీధిలో ఎవరింట నెట్ ఆగినా 'వేణక్క ఉందా' అని వస్తన్నారు. గుమ్మంలో నేనుంటే నన్ను దాటుకుని లోపలికి చూస్తన్నారు."

"అదేటి, రోగమా? చదువుకున్నాను. మారాను."

"సూసారా? ఇదే," అన్నాడతను.

తబిత స్క్రీన్ వైపు తిరిగింది. "ఇందాకటి స్కాన్‌ని పాత స్నాప్‌షాట్‌తో పోల్చాం. తేడా చాలా ఉంది. ఎంత మారారో మెషిన్ చెబుతుంది. ఎందుకు మారారో చెప్పలేదు."

"అది చెప్పలేకపోతే మీరు చెప్పండి. మీరు మనిషే కదా."

"నా అభిప్రాయానికి చట్టంలో చోటు లేదమ్మా. అయిదేళ్ల లోపు అడ్మిన్ అడిగితే చెయ్యాలి. పేషెంటు వద్దనడం కూడా జబ్బు లక్షణమనే రాశారు."

"రాసిన వాళ్లలో మీరున్నారా?"

తబిత కళ్లద్దాలు తీసింది. "ఉన్నాను. పసిపిల్లల్ని కొట్టి బయటికి తోసిన పేషెంట్లని చూశాను. వాళ్లెవరూ తమంతట తాము ఒప్పుకోరు. వాళ్లకోసం రాశాను."

"అయితే అడ్మిన్‌ని మార్చండి."

"మార్చడానికి అడ్మిన్ ఒప్పుకోవాలి."

పాఠాల్లో మొట్టమొదటిదే అది: అడ్మిన్ హక్కు చేజారాక ఆ మెషిన్ నీది కాదు. బియ్యం డబ్బా మీద ఉన్నవాటన్నిటికీ ఆమె అడ్మిన్. తన తలకాయకి మాత్రం కాదు.

ఆమె భర్త వైపు తిరిగింది. "నాలుగేళ్లండీ! అంతా పోద్ది. ఉద్యోగమొచ్చిందని కూడా తెలీదు నాకు."

"పోతే పోనీవే. హాయిగా ఉంటావు," అన్నాడతను గోడకేసి చూస్తూ. అతని గొంతులో కోపం లేదు. "ముందు నువ్వెంత బాగుండేదానివో నీకు తెల్దు."

గుమ్మం దగ్గర ఇద్దరు అటెండర్లు వచ్చి నిలబడ్డారు. అరిస్తే అదొక లక్షణం. పరిగెడితే ఇంకొకటి. సత్యవేణి ఏడవలేదు, కంద కూలిపోయినప్పుడు ఆలోచించినట్టు ఆలోచించింది.

"డాక్టరుగారూ, వెనక్కి తిప్పేముందు ఇప్పుడున్నదాన్ని కాపీ తీసి పెట్టుకుంటారు. పని తెలిసినవాళ్లెవరైనా అంతే. నన్నూ తీయండి."

"అదెందుకు మళ్లీ?" అన్నాడు ఈశ్వర్రావు.

"తీయడం నియమమే," అంది తబిత గబగబా. "కొత్తదానికి అడ్మిన్ పేరు కూడా ఆవిడే చెప్పొచ్చు. ఎవరమ్మా?"

"నేనే. నేనొక్కదాన్నే."

తబిత స్కానర్ ఆమె వైపు జరిపింది. "ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేస్తాం. మళ్లీ ఎక్కించమంటారా, తీసేయమంటారా అని మిమ్మల్నే అడుగుతాం. మీ మాటే చెల్లుతుంది."

సత్యవేణి వేలిముద్ర వేసి, తనే వెళ్లి కుర్చీలో కూర్చుంది. హెల్మెట్ తొడుగుతుంటే, తన తాళం తన దగ్గరే ఉందనుకుంది.

కళ్లు తెరిచాక భర్తని చూసి, "గడ్డ తీసేశారాండీ?" అని అడిగింది. అతను తలూపాడు.

ఇంటికెళ్లాక బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ చూసి ఎవరిదని అడిగింది. ఎవరో ఉంచారన్నాడు. ఆమె దాన్ని తుడిచి, జాగ్రత్తగా అటక మీద పెట్టించింది. లోపల కందా బచ్చలీ బ్యాటరీ ఉన్నంతసేపూ నడిచాయి. సోమవారం డేటా సెంటర్ నుంచి ఫోనొస్తే, రాంగ్ నంబరని పెట్టేసింది. వీధిలోవాళ్లు కొన్నాళ్లు నెట్ కోసం వచ్చి, ఆమె బిత్తరచూపులు చూసి రావడం మానేశారు.

ఆర్నెల్లకి తబితే స్వయంగా ఫోన్ చేసింది. మీ నాలుగేళ్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటికి అడ్మిన్ మీరే, ఏం చెయ్యమంటారని మెల్లగా, విడమరిచి చెప్పింది. ఎవర్నీ అడగక్కర్లేదని కూడా చెప్పింది.

సత్యవేణి ఫోన్‌ని అరచేత్తో మూసి లోపలికి కేకేసింది. "ఏవండీ, ఆసుపత్రోళ్లు ఏటో అడుగుతన్నారు."

అతను చెప్పింది విని, ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, డిలీట్ చెయ్యమంది.