తేడా లేని రెండు తొట్టెలు

మూడు లాంతర్ల కూడలి దగ్గరి మేడమీద గదిలోకి అనూరాధ విసురుగా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఎవరు చేశారో నాకు తెలుసండీ. రుజువు కావాలి, అంతే.”

విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే సుభద్రమ్మే. సహాయకుడు వెంకీకి ఆవిడ మాట వేదం. వచ్చినావిడ మాట పూర్తికాకముందే మంచినీళ్ల గ్లాసు అందించాడు.

“ముందు ఏటయిందో సెప్పమ్మా. ఎవరన్నది తరవాత సూద్దాం,” అంది సుభద్రమ్మ.

అనూరాధ కాలేజీలో పరిశోధన చేస్తోంది. ప్రయోగశాలలో రెండు గాజు తొట్టెలు. రెండిట్లోనూ అడుగున ఇసుక, ఆ ఇసుకలో నెత్తుటి రంగు పురుగులు. కుట్టని దోమల పిల్లలవి. మొదటి తొట్టెలో బ్యాటరీల్లో వాడే నల్లటి నానో పొడి కలిపింది. విడివిడిగా కంటికి ఆనని నలుసులు. రెండోదాంట్లో ఉత్త మంచినీళ్లు. పొడి తగిలిన పురుగులకి తిన్నది ఒంటబట్టలేదు, నెత్తురు ఊరలేదు, పాలిపోయాయి. ఆమె అనుకున్నదే జరిగింది. ఇంతలో మంచినీటి తొట్టెలోవి కూడా పాలిపోయాయి. రెంటికీ తేడా లేనప్పుడు తప్పు పొడిదని ఎలా చెప్పడం? ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

“అటెండరు గంగులే ఫినాయిల్ పోసుంటాడు. చీపురు తొట్టెకి ఆనించాడని ముందురోజే కేకలేశాను. ఆ కసి.” అందరి ముందూ అతని సంచి బోర్లించి వెతికించిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గింది.

ప్రయోగశాలకి వెళ్లగానే సుభద్రమ్మ రెండో తొట్టె మీదికి వంగి వాసన చూసింది.

“ఇందులో ఏవీ సావలేదేటి?”

“లేదండీ. ఎదగడం మానేశాయి. రెండిట్లోనూ ఒకేలాగ.”

“ఆ నల్లపొడి ఎక్కడుంటాది?”

“బీరువాలో. ఒక తాళం నా దగ్గర, ఇంకోటి మా గైడు నారాయణమూర్తిగారి దగ్గర.”

గంగులు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“నువ్వు పోసినావేటి?” అడిగింది సుభద్రమ్మ.

“లేదమ్మా.”

“మరి సంచి ఎతికినప్పుడు నోరు మెదపలేదేం?”

“మెదిపితే నమ్ముతారేటి?”

తాళం సంగతి అడిగితే నారాయణమూర్తి విసుక్కున్నాడు. “ఫినాయిల్ పోసినవాణ్ణి వదిలేసి నన్నడుగుతారేమిటండీ! ఇసుకలోకి దిగిపోయాక పైనుంచి చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది?”

“నిజమే మాస్టారూ,” అని ఊరుకుంది సుభద్రమ్మ.

మర్నాడు అందరినీ ప్రయోగశాలలోనే కూర్చోబెట్టింది. వెంకీ గాజు గ్లాసులో నీళ్లు పోసి, మూతెడు ఫినాయిల్ కలిపాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఘాటు గదంతా కమ్మింది.

“ఇది పోస్తే దాగుతాదా? పురుగన్నది ఒక్కటీ మిగలదు. ఇవి బతికే ఉన్నాయి, పాలిపోనాయంతే.” మంచినీటి తొట్టె అడుగునుంచి తీసిన ఇసుకని తెల్ల పళ్లెంలో పరిచింది. నల్లగా మరక తేలింది. “పడింది బ్యాటరీ పొడే. కసితో పోసేవోడు గుప్పెడు కుమ్మరిస్తాడు. ఇక్కడ రెండిట్లోనూ ఒకేలా పాలిపోనాయంటే, మొదటి తొట్టెకెంతో దీనికీ అంతే పడినాది. పాడుసెయ్యడానికి కాదు, తేడా సెరిపెయ్యడానికి! తాళం ఉన్నది ఇద్దరి దగ్గర. తన పరిశోధన తనే సెరుపుకునే పిచ్చిది కాదు ఈ పిల్ల. అందరూ ఫినాయిల్ అంటన్నప్పుడు, ఇసుకలోకి దిగిపోయాక అన్నది మీరొక్కరే. ఫినాయిల్ దిగదు మాస్టారూ. మరి ఏది దిగిందనుకున్నారు?”

నారాయణమూర్తి తల వాల్చేశాడు. భోగాపురం దగ్గర గంగులు వాళ్ల ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డున పాత బ్యాటరీలు విప్పే షెడ్డు పెడుతున్నారు. ఆ పొడి నీళ్లనేమీ చెయ్యదని, కావాలంటే కలుపుకుని తాగి చూపిస్తానని ఆయన ఊరి సభలో అన్నాడు.

“అన్నమాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది,” అన్నాడు మెల్లగా.

అనూరాధ కళ్లెత్తలేకపోయింది. ఆ సభలో ఆయన పక్క కుర్చీ తనదే. అప్పటికే అనుమానముండీ పెదవి విప్పలేదు.

“గంగులూ, నేను...”

“నా బాధ నన్ను అన్నందుక్కాదమ్మా. నువ్వు సేసినావా అని ఒక్కపాలైనా అడగలేదు. ఈ అమ్మ అడిగినాది.” అతను వెళ్లిపోయాడు.

అందరి ముందూ చేసిన తప్పు నాలుగు గోడల మధ్య కడుక్కుంటే పోదనిపించింది ఆమెకి. ఆదివారం గంగులు వాళ్ల ఊరి సభలో తొట్టెల సంగతంతా చెప్పింది. గంగులు మీద నింద వేసింది తనేనని కూడా చెప్పింది. వెనక వరసలో గంగులు వల అల్లుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

అతని భార్య లక్ష్మణమ్మ లేచింది.

“నీ తప్పు నువ్వు ఒప్పుకున్నావు, మంచిదే. ఆ పొడి కలిస్తే గెడ్డనీళ్లు మా పిల్లలు తాగొచ్చేటి?”

“పురుగులకి ఏమవుతుందో చూశానమ్మా. మనుషులకి ఏమవుతుందో నాకు తెలీదు.”

“తెలీకుండానే ఆ బాబు తాగి సూపిస్తానన్నాడేటి? నువ్వు పక్కనే కూకున్నావు గదా!”

“కూర్చున్నాను,” అంది అనూరాధ.