సెలవు లేని పరుగు

సూర్యకాంతమ్మ రాగిజావ గ్లాసులో పోసి, రెండు గుడ్లు ఒలిచి పళ్ళెంలో పెట్టి, కూతురి గది తలుపు తట్టింది. బయట అప్పుడే తెల్లవారుతోంది.

"మంజూ, లేమ్మా. నాన్నగారు బయల్దేరుతున్నారు."

మంజుష లేచే ఉంది. ఒక బూటు తొడుక్కుని, రెండోది ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. పదిహేడేళ్ళ పిల్ల. బుగ్గలు లోపలికి పోయాయి. జడ సగానికి సగం సన్నబడింది.

"కాలు నొప్పిగా ఉందమ్మా. ఈ ఒక్క రోజూ పడుకుంటాను."

వాకిట్లో ఉన్న సుబ్బరామరాజు చెవిన ఆ మాట పడింది. "రాష్ట్ర పోటీలు మూడు వారాల్లోకి వచ్చేశాయమ్మా. నొప్పి అందరికీ ఉంటుంది. ఓర్చుకున్నవాళ్ళదే గెలుపు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఎప్పుడూ ఉండదు. కోప్పడితే ఆ పిల్ల ఎదురైనా చెప్పేదేమో.

సుబ్బరామరాజు భీమవరం పక్క ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. చదువుకునే రోజుల్లో వాలీబాల్ బాగా ఆడేవాడు. యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే, బంతాట కోసం ఊళ్ళు తిరగడమేంటని తండ్రి పంపలేదు. ఆ మంట ఆయనలో ఆరనే లేదు. కూతురు తొమ్మిదో ఏట స్కూలు పందెంలో తనకన్నా పెద్దపిల్లల్ని దాటుకుని వచ్చింది. ఆ మర్నాడే కాలవగట్టు మీద సాధన మొదలైంది. ఎనిమిదేళ్ళు గడిచాయి. పండగ లేదు, జ్వరం లేదు, ఆదివారం లేదు. ఆయనకీ లేదు. పొద్దంతా బడిలో ఎండలో నిలబడి, సాయంత్రం మళ్ళీ కూతురి వెంట గట్టెక్కేవాడు. అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు పడేవాడు. మాస్టారి పట్టుదలే పట్టుదలని ఊళ్ళోవాళ్ళంటుంటే సూర్యకాంతమ్మ కూడా మురిసిపోయేది.

నిరుడు ఎనిమిది వందల మీటర్లలో మంజుషది జిల్లాలో మొదటి స్థానం. ఈ ఏడు ఎంత పరిగెత్తినా నిరుటికన్నా ఏడు సెకన్లు వెనకే. సాధన చాలడం లేదని ఆయన ఇంకో అరగంట పెంచాడు. పిల్ల మరింత వెనకబడింది. మరో అరగంట పెంచాడు.

సూర్యకాంతమ్మకి ఇంకో సంగతి తెలుసు. మంజుషకి ఏడు నెలలుగా నెలసరి రావడం లేదు. పిల్ల భయపడుతూ చెప్పినప్పుడు, "పోటీలయ్యాక డాక్టరుకి చూపిద్దాంలే" అంది. ప్రాక్టీసుకి ఓ అడ్డు తప్పిందిలే అని మనసులో ఓ మూల అనుకుంది కూడా.

ఇప్పుడూ అదే గొంతుతో, "వెళ్ళమ్మా, మూడు వారాలేగా" అంది.

మంజుష తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, రెండో బూటు తొడుక్కుంది.

ఏడు గంటలవుతుండగా సుబ్బరామరాజు కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ తెచ్చాడు. కాలవ లాకుల దాకా వెళ్ళి, తిరుగుదారిలో పరిగెడుతూ ఉన్నట్టుండి కూలబడిపోయిందట.

భీమవరంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూపించాడు. మోకాలి కింద ఎముకలో వెంట్రుకలాంటి గీత.

"ఇది ఇవాళ పడితే వచ్చింది కాదండి. నెలల తరబడి దెబ్బ తిని తిని చీలింది."

"కట్టు గట్టిగా కడితే మూడు వారాల్లో పరిగెత్తగలదాండీ?" అన్నాడు సుబ్బరామరాజు.

డాక్టరు ఆయనకేసి వింతగా చూశాడు. తర్వాత సూర్యకాంతమ్మ వైపు తిరిగి, "అమ్మాయికి నెలసరి సరిగ్గా వస్తోందాండి?" అనడిగాడు.

ఆవిడ తల దించుకుంది. "ఏడు నెలలుగా లేదండి."

"ఒళ్ళు చేతులెత్తేసిందన్నమాట. తినేది చాలక, విశ్రాంతి లేక పరిగెడితే ఎముక కూడా బలం కోల్పోతుందండి. పరుగెంత ముఖ్యమో పడకా అంతే ముఖ్యం. డ్రిల్లు మాస్టారికి నేను చెప్పాలాండి?"

ముగ్గురూ ఇంటికొచ్చారు. కూతుర్ని మంచం మీద పడుకోబెట్టాక సుబ్బరామరాజు భార్య వైపు తిరిగాడు.

"ఏడు నెలలు నా దగ్గర దాచావా?"

"దాచానండి. చెబితే ఆపేస్తారేమోననిపించింది. దాని ఫోటో పేపర్లో చూడాలని నాకూ ఉంది. ఆశ మీ ఒక్కరిదే కాదండి."

"నువ్వొక్క మాట చెప్పుంటే..."

"చెప్పుంటే ఆపేవారా?" అంది మంజుష. "కాలు నొప్పని పోయిన నెల్లోనే మూడుసార్లు చెప్పాను నాన్నగారూ."

ఆయన మంచం దగ్గరికి జరిగాడు. "కాలు నయమవుతుందమ్మా. మెల్లిగా మళ్ళీ మొదలుపెడదాం. వచ్చే ఏడాది..."

"ఎముక చీలిందని డాక్టరుగారు చెప్పగానే నాకు సంతోషమేసింది."

ఇద్దరూ ఆ పిల్లకేసి చూశారు.

"రేపు లేవక్కర్లేదు కదా అనుకున్నాను. రోజూ గట్టు మీద అదే కోరుకునేదాన్ని. జారిపడితే బావుణ్ణు, చెయ్యో కాలో విరిగితే బావుణ్ణు అని. వద్దని మీకు చెప్పలేక."

సూర్యకాంతమ్మ గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. పొద్దున తన ముఖంలోకి చూసిన ఆ చూపు ఏమడిగిందో ఇప్పుడర్థమైంది. తల్లి ఒక్కతైనా వద్దంటుందేమోనని చూసింది పిల్ల.

సుబ్బరామరాజు పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నేను నిన్ను పరిగెత్తించానమ్మా. నువ్వే పరిగెడుతున్నావనుకున్నాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మంజుష ఓదార్చలేదు. "నిద్రొస్తోంది నాన్నగారూ" అంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

ఎముక అతకడానికి నాలుగు నెలలు పట్టింది. ఒంటికి కాస్త కండ పట్టింది, నెలసరీ దారికొచ్చింది. కానీ మంజుష మళ్ళీ గట్టెక్కలేదు. భీమవరంలో డిగ్రీలో చేరింది. తండ్రితో అన్నం తిన్నారా, మందులు తెచ్చారా అన్నంతవరకే మాటలు. అంతకు మించి మాట వస్తే లేచి వెళ్ళిపోయేది. పోటీలు జరిపించేవాళ్ళు మళ్ళీ కబురుపెడితే, "మా అమ్మాయి ఇక పరిగెత్తదండి" అని సుబ్బరామరాజే చెప్పేశాడు. ఆదివారాలు ఇంట్లో ఉండడం నేర్చుకోవడానికి ఆయనకి చాలా కాలం పట్టింది.

వానలు వెనకబట్టాక ఓ సాయంత్రం పక్కింటి మరిడమ్మ గోడ మీదుగా పిలిచింది.

"ఏమండోయ్ సూర్యకాంతమ్మగారూ! మీ అమ్మాయిగారు స్కూలు గ్రౌండులో ఆడపిల్లలందర్నీ పోగేసి ఖోఖో ఆడేస్తున్నారండి!"

సుబ్బరామరాజు ఉన్నపళంగా బయల్దేరాడు. పావుగంటలో తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందండీ? పడిందా?"

"లేదే. పరిగెడుతూ నవ్వుతోంది, సూర్యకాంతం. పరిగెడుతూ అది నవ్వగలదని నాకు తెలీదు."

"పలకరించకపోయారా?"

"నన్ను చూస్తే ఆపేస్తుందేమోనని భయమేసింది. గోడ చాటునుంచే వచ్చేశాను."

సూర్యకాంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆయన పక్కనే కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి మంజుష వచ్చింది. మోకాళ్ళ దాకా మట్టి, ఒళ్ళంతా చెమట. "ఆకలేస్తోందమ్మా" అంటూ అరుగెక్కి, తండ్రి ముందు ఆగింది.

"గోడ దగ్గర నిలబడ్డారు కదా నాన్నగారూ?"

ఆయన తప్పు చేసినవాడిలా తలెత్తాడు.

"చూశాను" అంది మంజుష. "చూసి కూడా ఆపలేదు."