ముగింపు ముందు రాసే అమ్మాయి

"మీరు పెట్టిచ్చిన సాఫ్ట్‌వేర్ నన్ను రాయనివ్వడం లేదండీ," అంటూ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద పడేసినంత పని చేసింది.

ఆ కంప్యూటర్ షాపు మన కుర్రాడిది. కుర్రాడిదంటే అతనిదీ, వాళ్ళక్కదీ. అక్క బిల్లులూ ప్రింటౌట్లూ చూస్తుంది, తమ్ముడు రిపేర్లు చేస్తాడు. నవల రాసుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ కావాలని ఆ అమ్మాయి మొన్న అడిగితే, ఆఫీసులవాళ్ళు వాడే పెద్దది పెట్టి పంపాడు.

"అదేంటండీ, అందులో లేనిదంటూ లేదే."

"అదే నా బాధ. అక్షరాలు లావుగా ఉండాలా, సన్నగా ఉండాలా, మార్జిన్ ఎంత వదలాలి? సాయంత్రమంతా దీనికే సరిపోయింది. ఒక్క వాక్యం రాయలేదు. పేజీ నంబర్లు మాత్రం చాలా అందంగా వచ్చాయి."

కుర్రాడు నవ్వు దాచుకోవడానికి మానిటర్ వెనక్కి వంగాడు. ఈసారి బటన్లేవీ లేకుండా ఖాళీ తెర మాత్రమే ఉండేది పెట్టిచ్చాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. "ఖాళీ గోడకి ఎదురుగా కూర్చోబెట్టి తలుపేసినట్టుందండీ."

సరే, మాట్లాడితే దానంతటదే టైప్ చేసేది పెట్టాడు. దానికైతే మర్నాడే వచ్చేసింది, ముఖం కందగడ్డలా చేసుకుని.

"మా హీరో హీరోయిన్ల పోట్లాట గట్టిగా చదివి చెప్పాను. నాన్నగారు తలుపు కొట్టి, ఎవడే వాడు అన్నారు. ఎవడూ లేడు నాన్నా అంటే నమ్మరే."

అక్క పగలబడి నవ్వింది. తమ్ముడూ నవ్వాడు గానీ, ఆ 'ఎవడూ లేడు' అన్న మాట అతనికి ఎందుకో మహా బాగుంది. ఈమధ్య గ్లాసు తలుపు కదిలితే చాలు, చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోతోంది. "మీ కంప్లైంట్ గారు ఇవాళ రాలేదేంట్రా" అని అక్క ఏడిపించడం కూడా మొదలెట్టింది.

ఇప్పుడు నవ్వాపుకుని అక్కే అడిగింది. "ఒరేయ్, అన్నీ పెట్టావు గానీ, ఆవిడ ఎలా రాస్తుందో కనుక్కున్నావా?"

కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు. "అసలు మీరెలా రాస్తారండీ?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు కాబోలు, కాస్త సిగ్గుపడింది.

"వరసగా రాయలేను. ముగింపు ముందు రాసేస్తాను. వాళ్ళిద్దరూ కలుస్తారని తెలిస్తేనే వాళ్ళని పోట్లాడించడానికి నాకు మనసొప్పుతుంది. ఆ తర్వాత పోట్లాట, ఎప్పటికో మొదటి పరిచయం. తీరా అన్నీ అతుకుదామని కూర్చుంటే ఏ ముక్క ఎక్కడుందో దొరకదు. ఇంక మానేద్దామనిపిస్తోంది."

కుర్రాడికి టక్కున వెలిగింది. ఒక్కో సన్నివేశాన్నీ ఒక్కో కార్డు మీద రాసుకుని, ఎటు కావాలంటే అటు జరుపుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అచ్చం ఈమె కోసం చేసినట్టే ఉంటుంది. వెలిగిన మరుక్షణం గుండె జారింది. అది పెడితే ఇంక కంప్లైంటుండదు. కంప్లైంటే లేకపోతే ఈమెకి ఇక్కడేం పని?

ఇంకో పనికిరానిది అంటగడదామా అనుకున్నాడు, అబద్ధమెందుకు. కానీ 'మానేద్దామనిపిస్తోంది' అన్నప్పటి ఆ గొంతు అతన్ని వదల్లేదు. కార్డులదే పెట్టాడు. ఆమె చివరి కార్డుని ముందుకి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి, చిన్నపిల్లలా మురిసిపోయింది.

"నాక్కావలసింది ఇదే," అని వెళ్ళిపోయింది.

అంతే, మళ్ళీ రాలేదు. షాపులో ప్రింటర్లు బాగయ్యాయి గానీ, బాగుచేసేవాడే దిగాలుపడిపోయాడు. "బిల్లు మీద నంబరుంది కదరా, ఫోన్ చెయ్యి," అంది అక్క.

"అది బిల్లు కోసమిచ్చిన నంబరక్కా. దాంతో కబుర్లు చెప్పకూడదు."

అక్కకి తమ్ముడి మీద జాలేసింది.

చాలా రోజులకి, వాన దంచికొడుతున్న ఒక సాయంత్రం, ఆ అమ్మాయి గ్లాసు తలుపు తోసుకుని వచ్చింది. రెయిన్‌కోట్ ల్యాప్‌టాప్‌కి చుట్టి, తను మాత్రం నిలువునా తడిసింది.

"పాడైందా?" అన్నాడు కుర్రాడు. గొంతులో ఆశ దాగలేదు.

"లేదు. చక్కగా పనిచేస్తోంది. నవల అయిపోయింది, పబ్లిషర్ తీసుకున్నారు కూడా."

"మరి?"

"అదే నా కంప్లైంట్. ఇక్కడికి రావడానికి ఒక్క కారణం కూడా మిగల్చలేదు మీరు."

కుర్రాడికి ఇంక దాచుకోవడం చేతకాలేదు. "మీరు రారనే ఆ రోజు అది పెట్టకూడదనుకున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

"మరెందుకు పెట్టారు?"

"మీరు రాయడం మానేస్తే చూడలేను."

ఆమె చుట్టిన రెయిన్‌కోట్ తీసి ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఒక్కటే కార్డుంది. దాని మీద, 'ఒకమ్మాయి షాపుకొచ్చి, షాపతన్ని నిలదీసింది' అని రాసుంది.

"కొత్త నవల," అంది. "ఎంత ప్రయత్నించినా దీనికి ముగింపు ముందు రాయలేకపోతున్నాను. ఇద్దరూ కలుస్తారో లేదో నాకే తెలీదు. భయంగా ఉంది."

"కలుస్తారు. ఎక్కడ ఆగినా ఇక్కడికొచ్చెయ్. నేనుంటాను," అన్నాడు.

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. వెనక నుంచి అక్క తువ్వాలు తెచ్చి ఆ అమ్మాయి భుజాల మీద కప్పింది.

"అంతా బాగానే ఉందమ్మా. రేపు మీ నాన్నగారు మళ్ళీ ఎవడే వాడు అని అడిగితే?"

ఆ అమ్మాయి తల తుడుచుకుంటూ కుర్రాడి వైపు చూసి నవ్వింది.

"షాపు అడ్రసు ఇస్తాను," అంది.