రాజగట్టు వంశంలో వదిలేసిన పేరు

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లకు కిటికీలుండవు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల ఎప్పుడూ ఒకటే మసక వెలుతురు, ఏసీ చలి, పాత తివాచీ వాసన. పన్నెండేళ్లుగా సీరియళ్లలో అత్తలకూ కోడళ్లకూ గొంతు అరువిచ్చి, వెంగళరావు నగర్‌లో కిరాయి కట్టుకుంటున్నదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం నా సొంత వంశానికి గొంతివ్వడానికి వెళ్లాను. అదీ ఉత్త పుణ్యానికి.

మాది రాజగట్టు సంస్థానం. ఊళ్లు పోయాయి, పొలాలు పోయాయి, కోట ఒక్కటే మిగిలింది. మా అన్న కమలాకర్ దాన్ని హోటల్ వాళ్లకిస్తున్నాడు. వాళ్లకూ, రేపు అక్కడ దిగేవాళ్లకూ చూపించడానికి కోట చరిత్ర మీద పావుగంట సినిమా తీయించాడు. వచ్చేదాంట్లో చెరిసగం అన్నాడు. నాన్న పోయేముందు చెప్పిన మాటా అదే. అందుకే మొన్న జూబ్లీహిల్స్‌లో అన్న ఇంట్లో కాఫీ తాగుతూ, తను వేలుపెట్టిన చోటల్లా సంతకం చేశాను. చదవలేదు. అన్న ఇచ్చిన కాగితాన్ని ఏ చెల్లెలు చదువుతుంది?

మా ఇంట్లో వంశం చెప్పేటప్పుడు ఒక పద్ధతుంది. ఏడో తరంలో ఇద్దరు అన్నదమ్ములు. కోటలో సగం ఇవ్వాల్సి వస్తుందని పెద్దాయన, తమ్ముడు మురహరిరావును వడ్లు చూద్దువు రమ్మని పాతరలోకి దింపాడు. పాతరంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. దింపి, పైన రాయి మూయించాడు. అప్పట్నుంచి వంశం ఎవరు చెప్పినా ఆయన పేరు దగ్గర ఆగాలి. నేలకు అరచెయ్యి ఆనించి, "నువ్వు సుత మావోడివే" అనాలి, నువ్వు కూడా మావాడివేనని. నాన్న ఒళ్లు కాలే జ్వరంలో కూడా ఇది మరిచిపోలేదు.

నా చేతిలోని స్క్రిప్టులో ఆ పేరే లేదు. అద్దం అవతల, ఇంజనీర్ తిరుమలేశ్ పక్కన కూర్చున్న అన్నను మైకులో అడిగాను. అన్న నవ్వాడు.

"హోటల్ల పండుకునేటోళ్లకు గీ ముచ్చట్లెందుకు మనూ? జర చదువు."

చదివేశాను. కనీసం చెయ్యైనా నేలకు ఆనిద్దామని వంగబోయి, తిరుమలేశ్ నవ్వుకుంటాడేమోనని మానేశాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

ఏడో తరం దాటగానే హెడ్‌ఫోన్లలో ఊపిరి వినబడింది. నాదేననుకుని బిగబట్టాను... అది ఆగలేదు. ముక్కిపోయిన వడ్ల వాసన గుప్పుమంది. ట్రాక్‌లో ఏమన్నా వస్తోందా అని తిరుమలేశ్‌ను అడిగాను. శుభ్రంగా ఉంది మేడం, కానివ్వండి అన్నాడు.

చివరి పేజీ తిప్పాను. 'ఈ వంశానికి మిగిలిన ఏకైక వారసుడు శ్రీ కమలాకర్ రావు' అని ఉంది.

మళ్లీ చదివాను. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు. మొన్నటి సంతకాలు నా వాటా వదులుకున్నట్టని అప్పుడర్థమైంది. చిన్నప్పుడు కోట మెట్లన్నీ నన్ను వీపున మోసుకుని ఎక్కినవాడు, నేనసలు పుట్టనే లేదంటున్నాడు. అదీ నా నోటితోనే చెప్పిస్తున్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు.

బయటికొచ్చి, ఆ వాక్యం చదవనన్నాను. "నేను మనింట్ల పుట్టలేదా అన్నా?" అని అడిగాను.

అన్న నా కళ్లలోకి చూడలేదు. "పెండ్లయినంక నీ ఇల్లు వేరే గద" అన్నాడు. ఆ ఒక్క ముక్కా తనే చదువుతానని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

నేను తిరుమలేశ్ పక్కన కూర్చుని అక్కడి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎర్ర లైటు వెలిగింది. అన్న 'ఏకైక' అనే మాట దాకా వచ్చి ఆగాడు. తన కాళ్లకేసి చూసుకున్నాడు. లోపలి దీపం ఆరిపోయింది.

ముందు ఊపిరి... తర్వాత గోళ్లతో గీకుతున్న చప్పుడు... తర్వాత అన్న గొంతు.

"మనూ... తలుపు తియ్..."

తిరుమలేశ్ లేచేలోపు నేనే వెళ్లి పిడి పట్టుకున్నాను. పట్టుకున్నాను గానీ తియ్యలేదు. పక్కనుంచి తిరుమలేశ్ తీయండి మేడం అంటూనే ఉన్నాడు. పది సెకన్లు... ఇరవై... కాస్త భయపడనీ అనుకున్నాను. అంతే. నిజంగా అంతే అనుకున్నాను.

లోపల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తీశాను.

అన్న నెమ్మదిగా నడిచి వచ్చాడు. చెమట లేదు, చొక్కా నలగలేదు. గదిలోని దీపాలను ఒక్కొక్కటిగా చూశాడు. ఎన్నడూ లేనిది నా తలమీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

"ఇది ఎన్నో తరం, తల్లీ?"

పదకొండని చెప్పాను. మెల్లగా తలాడించి మెట్లవైపు వెళ్లాడు.

హెడ్‌ఫోన్లు ఇంకా నా మెడలోనే ఉన్నాయి. వాటిలోంచి సన్నగా ఏదో వినబడుతోంది. చెవికి ఆనించుకున్నాను. అన్న గొంతే.

"మనూ... తలుపు తియ్యవే..."

తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు.