కడిగిన రీలు

తలుపు తాళం పగలలేదు. కిటికీ ఊచలు వంగలేదు. బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది. పక్కన రెండు కెమెరాలున్నాయి.

మెషిన్ మాత్రం లేదు.

ఇన్స్పెక్టర్ గుమ్మంలో నిలబడి గదంతా కలయజూసింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు జిగురు. కేసుకి అంటుకుందంటే ఇక ఊడి రాదని. ఎదురుగా అలా పిలిచే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"సాయంత్రం ఐదింటికి లాంచింగ్ మేడమ్! మా కొంప మునిగిపోయింది!" అన్నాడు ఎదురొచ్చిన మనిషి. మెషిన్ తయారుచేసిన ఇంజనీరుకి ఇతను బావమరిది. పోస్టర్లు, పిలుపులు, మాటలు అన్నీ ఇతని శాఖ. మాటలైతే పొద్దున్నుంచీ ఆగలేదట.

"ముందు ఆ మెషినేమిటో మూడు ముక్కల్లో చెప్పండి."

అతను నోరు తెరిచేలోపు వాళ్ళక్క అందుకుంది. ఇంజనీరు భార్య. మెషిన్‌కి ప్రోగ్రాం రాసింది ఆవిడే.

"పాత ఫోటో ఫిల్ములుంటాయి కదండీ, నెగటివ్‌లు. కింద లైటు, పైన కెమెరా. మధ్యలో ఫిల్ము పెడితే మోటారు ఒక్కో ఫ్రేమూ జరుపుతుంది. కెమెరా దాన్ని ఫోటో తీస్తుంది. కంప్యూటరు నెగటివ్‌ని మామూలు బొమ్మగా మార్చి తెర మీద చూపిస్తుంది. రీలు మొత్తం కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. నాలుగేళ్ళు పట్టింది మాకు. పనిచేసేది ఆ ఒక్కటే."

ఇంజనీరు మూల స్టూలు మీద కూర్చున్నాడు. గాలి తీసిన ట్యూబులా ఉన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి.

"మెట్ల మీద కూర్చున్న పెద్దావిడెవరు?"

బావమరిది నీళ్ళు నమిలాడు.

"రీలు ఆవిడది మేడమ్. సాయంత్రం చూపించాల్సింది అదే. మెషిన్‌లోనే ఉంది."

"అంటే మెషిన్‌తోపాటు అదీ పోయింది."

"అవును మేడమ్."

ఇన్స్పెక్టర్ బయటికొచ్చి పెద్దావిడ పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆవిడ ఏడవట్లేదు. ఏడిస్తే బాగుండును అనిపించింది.

"కొడుకు పోయి పదిహేడేళ్ళమ్మా," అంది పెద్దావిడ. "పంతొమ్మిదేళ్ళవాడు. ఆ తర్వాత ఇల్లు తగలబడింది. ఆల్బములన్నీ బూడిదే. ఒక్క ఫోటో మిగల్లేదు. వాడి కెమెరా రిపేరు షాపులో ఉండిపోయింది. ఈమధ్య షాపు ఎత్తేస్తూ దాని ఓనరు తెచ్చిచ్చాడు. లోపల రీలుంది. ఈ బాబువాళ్ళే కడిగించారు."

"ఏముందో చూశారా అందులో?"

"ఎక్కడ చూశాను? అంతా నల్లగా, తిరగేసినట్టు. సాయంత్రం చూపిస్తామన్నారు." ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "వాడి మొహం మర్చిపోతున్నానమ్మా. గొంతు గుర్తుంది. నడక గుర్తుంది. మొహమే చేజారిపోతోంది. పొద్దున లేవగానే వెతుక్కుంటాను. నిన్నటికంటే ఇవాళ తక్కువ. కన్నతల్లివి, ఎలా మర్చిపోతావు అంటారు అందరూ. మర్చిపోతున్నాను. ఏం చెయ్యమంటావు?"

ఇన్స్పెక్టర్ తన సర్వీసులో ఫిర్యాదుదారులెవరికీ మాటివ్వలేదు. ఇస్తే నిద్ర పట్టదు. ఇవాళ మాత్రం నోరు జారింది.

"రీలు తెచ్చిస్తాను."

అన్నాక గానీ తట్టలేదు. ఎక్కడినుంచి తెస్తుంది?

ఇంజనీరు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెద్దావిడ ముందు వంగాడు. సగం నీళ్ళు మెట్టు మీదే ఒలికాయి.

"రీలుకేం కాదమ్మా. డబ్బాలో ఉన్నంతసేపు దానికి దుమ్ము కూడా అంటదు. మీరు ఇంటికెళ్ళండి. ఇక్కడ కూర్చోకండి."

"రీలు వచ్చేదాకా కదలను బాబూ."

ఇన్స్పెక్టర్ లేచింది. ప్రశ్నలు మొదలెట్టింది.

"నిన్న ఆఖరున తాళం వేసిందెవరు?"

"నేనే," అన్నాడు ఇంజనీరు.

"ఎన్నింటికి?"

"ఏడు దాటింది."

"తాళంచెవులెన్ని?"

"మూడు. మా ముగ్గురికీ ఒక్కోటి."

"రీలు మెషిన్‌కి ఎక్కించిందెవరు?"

"నేనే."

"మీరు చూశారా?" అని అతని భార్యని అడిగింది.

"అందరం చూశాం," అంది భార్య. "పెద్దావిడ కూడా. ఇవాళ బటన్ నొక్కడమే మిగిలింది."

బావమరిది ఒంటికాలి మీద లేచాడు. "ఇది పాత పార్టనరు పనే మేడమ్! మెషిన్ ఫెయిలవుతుందని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ల్యాప్‌టాప్ ఎందుకు ముట్టుకోలేదు? వాడికి కావాల్సింది మెషినే కాబట్టి!"

మాట వినడానికి బాగానే ఉంది. కానిస్టేబుల్ వెళ్ళొచ్చాడు. పాత పార్టనరు ఆసుపత్రిలో ఉన్నాడు. వారంనుంచీ కాలికి సిమెంటు కట్టు. మంచం దిగితే ఒట్టు.

అక్కడినుంచి ఇన్స్పెక్టర్ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. పాత కెమెరాలు కొనేవాళ్ళని అడిగింది. ఇనుపసామాన్ల కొట్లు వెతికించింది. పార్సిల్ ఆఫీసులకి మనుషుల్ని పంపింది. అందరూ తల అడ్డంగా ఊపినవాళ్ళే.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెద్దావిడ అదే మెట్టు మీద ఉంది. ఏమీ తినలేదట. పక్కన గోడకి బావమరిది అంటించిన పోస్టరుంది: "పదిహేడేళ్ళ తర్వాత కొడుకును చూడబోతున్న తల్లి! సాయంత్రం ఐదింటికి! మీరూ రండి!"

ఇన్స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో ఆమెకే తెలియదు. వచ్చేప్పుడు పెద్దావిడ కళ్ళలోకి చూడకుండా పక్కనుంచి ఎక్కి వచ్చింది. పోలీసు బతుకులో ఇంతకంటే సిగ్గుచేటు లేదనుకుంది.

లోపల ఇంజనీరు భార్య నేల మీద కూలబడి ఉంది.

"నాలుగేళ్ళండీ! పండక్కి చీర కొనుక్కోలేదని కాదు, అది నాకక్కర్లేదు. ఆ పెద్దావిడకి ఏం చెప్పాలి? మిమ్మల్ని నమ్మి ఇచ్చాను అంటే నేనేం చెప్పాలి?"

మొగుడు ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ ఏడుపు గది దాటి మెట్లదాకా వినిపిస్తోంది.

ఎండ పడమటి కిటికీలోంచి ఏటవాలుగా లోపలికి పడింది. కిటికీ గట్టు మీద దుమ్ము తెలుస్తోంది. ఆ దుమ్ములో ఒకచోట మాత్రం గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మేర శుభ్రంగా ఉంది.

ఇన్స్పెక్టర్ వంగి చూసింది.

"ఇక్కడేముండేది?"

"అదా? పెద్దావిడ రీలు ఉండే ప్లాస్టిక్ డబ్బా. రీలు మెషిన్‌కి ఎక్కించాక ఖాళీ డబ్బా ఆవిడే అక్కడ పెట్టింది."

"ఏదది?"

భార్య బల్ల కింద చూసింది. చెత్తబుట్ట చూసింది. లేదు.

"ఖాళీ డబ్బా మేడమ్, ఎవడిక్కావాలి?" అని కానిస్టేబుల్ నవ్వాడు.

ఇన్స్పెక్టర్ నవ్వలేదు. "అందరినీ పిలు. పెద్దావిడని కూడా."

నలుగురూ గోడవారగా కూర్చున్నారు. కింద వీధిలో అప్పుడే కుర్చీలు వేస్తున్న చప్పుడు. పొద్దున చెప్పిన కూలీలకి వద్దని చెప్పేవాడు లేడు.

"దొంగ ల్యాప్‌టాప్ వదిలేశాడు," అంది ఇన్స్పెక్టర్. "కెమెరాలు వదిలేశాడు. గది ఆ చివరకెళ్ళి ఖాళీ డబ్బా మాత్రం పట్టుకెళ్ళాడు. ఎందుకు?"

తనే జవాబు చెప్పింది.

"రీలు బయటికి తీసి అందులో పెట్టడానికి. మెషిన్ మీద మోజున్నవాడికి రీలు సంగతి ఎందుకు? వాడు దాన్ని చింపి పారేస్తాడు. ఈ దొంగకి రీలు మీద ఒక్క గీత పడకూడదు. అలాంటివాళ్ళు ఎందరుంటారు?"

బావమరిది అక్కని చూశాడు. అక్క తమ్ముణ్ణి చూసింది.

"రీలు మెషిన్‌లో ఉందని పొద్దున నాకు చెప్పింది మీరే. అందరిదీ అదే మాట. మరి పెద్దావిడకి మంచినీళ్ళిస్తూ ఒకాయన ఏమన్నాడు? డబ్బాలో ఉన్నంతసేపు దుమ్ము కూడా అంటదన్నాడు. పక్కనే ఉండి విన్నాను, అయినా నా బుర్రకెక్కలేదు. రీలు డబ్బాలో ఉందని మీకెలా తెలుసు ఇంజనీరుగారూ?"

ఇంజనీరు తల దించుకున్నాడు.

"ఏవండీ?" అంది భార్య.

"బావా! నువ్వా? పొద్దున్నుంచీ నా తలప్రాణం తోకకొస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"ఎక్కడుంది?" అంది ఇన్స్పెక్టర్.

"కిందే. మెట్ల కింద అట్టపెట్టెలో."

కానిస్టేబుల్ ఎగిరిపడ్డాడు. రెండుసార్లు టీ తాగింది ఆ పెట్టె మీద కూర్చునే.

"ఎందుకు?"

ఇంజనీరు పెద్దావిడ వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని ఇన్స్పెక్టర్‌కి చేతులు జోడించాడు.

"మేడమ్, నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళండి. ఏ సెక్షనైనా రాసుకోండి, సంతకం పెడతాను. ఎందుకని మాత్రం ఇక్కడ అడక్కండి. మీకు దణ్ణం పెడతాను."

అప్పుడు అర్థమైంది ఇన్స్పెక్టర్‌కి. అర్థం కాకపోతే బాగుండునని కూడా అనిపించింది. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేసింది. కానీ ఆలస్యమైపోయింది.

"నా ముందే చెప్పు నాయనా," అంది పెద్దావిడ.

"అమ్మా..."

"చెప్పు."

"నిన్న అందరూ వెళ్ళాక ఒకసారి నడిపి చూశానమ్మా. ఇవాళ తడబడకూడదని. మొత్తం రీలు చూశాను." జోడించిన చేతులు దించలేదు. "మీ అబ్బాయి లేడు. ఒక్కదాంట్లో కూడా లేడు. కెమెరా అతని చేతిలోనే ఉంది కదమ్మా."

కింద కుర్చీలు వేస్తున్న వైపు చూశాడు.

"అంతమంది ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కో బొమ్మా మారుతుంటే మీరు వెతుక్కుంటూ ఉంటే... నావల్ల కాలేదు. రీలు పోయిందనుకుంటే, అందులో అబ్బాయి ఉన్నాడని అయినా మీకుంటుంది కదా అనుకున్నాను."

బావమరిది చేతిలో మిగిలిన పోస్టర్లున్నాయి. వాటిని వెనక్కి దాచుకున్నాడు.

పెద్దావిడ లేచింది. ఇంజనీరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా బదులు ఏడవడానికి నువ్వెవడివిరా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అవి మా వాడు తీసిన బొమ్మలు. వాడి కళ్ళతో చూసినవి. నాకు చూపకుండా దాచే హక్కు నీకెవరిచ్చారు? పొద్దున్నుంచీ ఆ మెట్టు మీద చచ్చి బతికాను. పెట్టు మెషిన్. ఇప్పుడే పెట్టు."

"అమ్మా, ఇంకోసారి ఆలోచించండి," అంది ఇన్స్పెక్టర్.

"ఏడవడానికి ఆలోచనెందుకమ్మా?"

మెషిన్ పైకి వచ్చింది. బావమరిది కిందికెళ్ళి లాంచింగ్ లేదని తనే చెప్పి జనాన్ని పంపేశాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఇంజనీరు తెల్లటి గ్లౌజులు తొడుక్కుని డబ్బాలోంచి రీలు తీశాడు. లైటు వెలిగింది. మోటారు సన్నగా కదిలింది.

తెర మీద సైకిలు చక్రం. రంగులు సగం వెలిసిపోయాయి. తర్వాత ఖాళీ వీధి. తర్వాత ఎవరిదో భుజం. తర్వాత నలభయ్యేళ్ళావిడ, ఫోటో వద్దని చెయ్యి అడ్డం పెడుతోంది.

"ఎవరది?" అంది పెద్దావిడ.

కాసేపటికి ఆవిడే చెప్పింది. "నేనే."

మళ్ళీ ఆవిడే, బట్టలు ఆరేస్తూ. మళ్ళీ ఆవిడే, నోరు తెరుచుకుని నిద్రపోతూ. గోడ మీద పిల్లి. బస్సు కిటికీ. మళ్ళీ ఆవిడే, గుమ్మంలో నిలబడి తిడుతూ. ప్రతి బొమ్మ దగ్గరా పెద్దావిడ ముందుకి వంగుతోంది. ఒక్క అంచులోనైనా, ఒక్క చెయ్యైనా. తెలిసి తెలిసీ ఇన్స్పెక్టర్ కూడా వంగి చూస్తోంది. ఏ అద్దంలోనైనా పడి ఉండకూడదా అని.

తెర తెల్లబడింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

పెద్దావిడ చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఇంజనీరు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను చేసిందే నయం, ఈ కేసు తేలకపోయినా బాగుండేది అనుకుంది ఇన్స్పెక్టర్. పట్టుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లైటు ఆర్పడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

"గుమ్మంలో తిడుతున్నాను చూడు," అంది పెద్దావిడ ఉన్నట్టుండి. "అది మళ్ళీ పెట్టు."

ఇంజనీరు రీలు వెనక్కి తిప్పాడు. ఆవిడ కన్నార్పకుండా చూసింది.

"తల్లిని అచ్చు గుద్దినట్టున్నాడనేవాళ్ళు వాణ్ణి, పుట్టినప్పుడే. నాకు ఒళ్ళు మండేది. మోసింది నేను, పోలిక నాది కాక ఎవరిదవుతుందని." లేచి తెర దగ్గరికి నడిచింది. "అద్దంలో వెతికానమ్మా ఎన్నోసార్లు. ఈ ముడతల్లో ఏం దొరుకుతుంది? కాస్త పెద్దది చెయ్యి."

ఇంజనీరు పెద్దది చేశాడు.

"ఇంకా. నోరు వద్దు. కళ్ళు."

తెర నిండా రెండు కళ్ళు నిలిచాయి. కోపంగా ఉన్నాయి. ఎదుటి మనిషిని నేరుగా చూస్తున్నాయి.

పెద్దావిడ వాటికి జానెడు దూరంలో నిలబడింది. గదిలో ఎవరున్నారో మర్చిపోయింది.

"వచ్చావా," అంది.